బ్యాటరీ కొనే ముందు టాపెట్ చూడండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మనిషి కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రాలు, అంటే రైడింగ్ లాన్ మోవర్లు, ఊరికొకటి కూడా ఉండవు. పెద్ద కళాశాలల ఆవరణల్లోనో, ఫ్యాక్టరీల ప్రాంగణాల్లోనో, క్రీడా మైదానాల్లోనో, భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రతీరాన ఉన్న రిసార్టుల్లోనో ఒకటీ అరా కనిపిస్తాయి. వాటికంటూ ప్రత్యేకించి మెకానిక్కులు లేరు కాబట్టి, అవి మొరాయించినప్పుడు పంపుసెట్లు, పవర్ టిల్లర్లు, స్ప్రేయర్లు బాగుచేసుకునే నావంటి వారి దగ్గరికే వస్తాయి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోహ్లర్, కవాసకి, హోండా, పైన పేరు ఏదున్నా బానెట్ కింద ఉండేది గాలితో చల్లబడే నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనే. అయితే కింద ఉన్న బ్లేడ్లను బెల్టుతో తిప్పడానికి వీలుగా దీని క్రాంక్ షాఫ్ట్ నిలువుగా ఉంటుంది; సీటు కింద, పెడల్ దగ్గర, బ్లేడ్ల మీట దగ్గర భద్రత కోసం స్విచ్‌లు ఉంటాయి; తాడు లాగే పని లేకుండా బ్యాటరీ, సెల్ఫ్ మోటారు ఉంటాయి. పంపుసెట్టు ఇంజన్ కళ్లు మూసుకుని విప్పగలిగిన మెకానిక్ కూడా తడబడేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

ఈ యంత్రాలతో వచ్చే మాన్యువల్‌లో చలికాలంలో బండిని ఎలా భద్రపరచాలో చెప్పే అధ్యాయం ఒకటి తప్పకుండా ఉంటుంది. మంచు పడే దేశాల వాళ్లు రాసిన ఆ అధ్యాయాన్ని మన వాళ్లు మనకు అక్కర్లేదని వదిలేస్తారు. కానీ మన దగ్గర కూడా బండికి నెలల తరబడి విశ్రాంతి ఉంది, అది ఎండాకాలంలో వస్తుంది. సంక్రాంతి దాటాక నీళ్లు పెట్టని చోట గడ్డి ఎండిపోతుంది, బండి రేకుల షెడ్డులోకి చేరుతుంది, రోహిణి కార్తె ఎండలన్నీ ఆ షెడ్డులోనే భరిస్తుంది. మృగశిర దాటి నాలుగు వానలు పడి గడ్డి మోకాలెత్తు లేచాకగాని దాని సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. నాకు వచ్చే మోవర్ పనుల్లో సింహభాగం జూన్, జూలై నెలల్లోనే వస్తుంది, కారణం ఇదే.

అన్నిటికంటే ఎక్కువగా డబ్బు వృథా చేయించే జబ్బు గురించి ముందుగా చెబుతాను. విజయనగరం శివార్లలోని ఒక విద్యాసంస్థలో సింగిల్ సిలిండర్ మోవర్ ఒకటి సెల్ఫ్ అందుకోవడం మానేసింది. ఎవరో చూసి బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. ఫలితం లేకపోయేసరికి సెల్ఫ్ మోటారు పోయిందన్నారు, అదీ మార్చారు. నేను వెళ్లేసరికి ఆ బండిని నడిపే పెద్దాయన విసిగిపోయి ఉన్నాడు. "కీ తిప్పితే ఒక్క విదిలింపు విదిలించి ఆగిపోతంది బాబూ, కొత్త బేటరీ ఏసినా అదే తంతు" అన్నాడు. ఆ ఒక్క మాటలో జబ్బు సగం బయటపడింది. బ్యాటరీ నీరసించిన బండి మొదటి నుంచీ మెల్లగా, ఈడ్చుకుంటూ తిరుగుతుంది, లేదా రిలే టకటకమని కొట్టుకుంటుంది. ఇది అలా కాకుండా జోరుగా మొదలై, సగం చుట్టు తిరిగి, గోడకు తగిలినట్టు ఆగిపోతోంది.

"మావయ్యా, ముందు ప్లగ్గు విప్పి చూద్దాం" అని ప్లగ్గు తీసి, దాని తీగను రంధ్రానికి దూరంగా ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి కీ తిప్పించాను. ఆ తీగను అలా ఎర్త్ చేయకపోతే రంధ్రంలోంచి చిమ్మే పెట్రోలు ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. ప్లగ్గు లేకుండా తిప్పితే ఇంజన్ గిర్రున తిరిగింది. అంటే బ్యాటరీకి బలం ఉంది, సెల్ఫ్ మోటారు బాగుంది, క్రాంక్ ఎక్కడా పట్టెయ్యలేదు. ప్లగ్గు బిగించినప్పుడు మాత్రమే ఆగుతోందంటే దాన్ని ఆపుతున్నది కంప్రెషనే, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడే.

ఈ ఇంజన్లలో సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై హార్స్‌పవర్ దాకా శక్తి ఒక్క సిలిండర్ నుంచే వస్తుంది. అంత పెద్ద పిస్టన్ పూర్తి కంప్రెషన్‌లో పైకి వెళ్లాలంటే చిన్న సెల్ఫ్ మోటారు వల్ల కాదు. అందుకని వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ అనే చిన్న ఏర్పాటు చేస్తారు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నంత సేపు, కంప్రెషన్ స్ట్రోకులో అది ఒక వాల్వును పిసరంత పైకి లేపి, కొంత గాలిని వదిలేస్తుంది. ఇంజన్ అందుకుని వేగం పెరిగాక ఆ ఏర్పాటు పక్కకు తప్పుకుంటుంది, కంప్రెషన్ పూర్తిగా వస్తుంది. దాని ఎత్తు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. వాల్వును నొక్కే మీట అయిన రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు, మేం టాపెట్ అనేది దీన్నే, అరుగుదల వల్ల పెరిగిపోతే, ఆ కొద్ది ఎత్తు కాస్తా సందులోనే ఖర్చయిపోతుంది, వాల్వు లేవదు, గాలి బయటికి పోదు. అప్పుడు సెల్ఫ్ మోటారు ఎంత కొత్తదైనా పిస్టన్‌ను అక్కడ దాటించలేదు. ఇది చూడడానికి అచ్చంగా కరెంటు జబ్బులా ఉంటుంది, కానీ మందు మాత్రం రాకర్ కవర్ కింద ఉంటుంది.

ఆ కవర్ నాలుగు బోల్టులతో ఉంటుంది. విప్పాక ప్లగ్గు రంధ్రంలోకి మెత్తని ప్లాస్టిక్ గొట్టం ఒకటి దించి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ పిస్టన్ పైకి వచ్చే చోటు కనిపెట్టాలి. రెండు వాల్వులూ మూసుకున్న కంప్రెషన్ స్ట్రోకే అని నిర్ధారించుకుని, పిస్టన్ పైకొస దాటి సుమారు ఆరు మిల్లీమీటర్లు కిందికి దిగే దాకా తిప్పి ఆపాలి. మామూలు ఇంజన్లలో చేసినట్టు సరిగ్గా పైకొస దగ్గర ఆపి టాపెట్ పెడితే, ఆ చిన్న ఏర్పాటు ఇంకా వాల్వును తాకుతూ ఉండవచ్చు, కొలత తప్పు వస్తుంది. ఆ రోజు ఇన్‌లెట్ వాల్వు వైపు 0.40 మిల్లీమీటర్ల ఫీలర్ బ్లేడు, అంటే సందు కొలిచే సన్నని రేకు, ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. ఈ తరహా ఇంజన్లకు ఉండవలసింది ఇంచుమించు 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్లే. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి మాన్యువల్ చూసుకోవడం మంచిది. లాక్ నట్టు వదులు చేసి, బ్లేడు కొద్దిగా పట్టి లాగినట్టు అనిపించే దాకా స్క్రూ తిప్పి, మళ్లీ నట్టు బిగించి, ఫ్లైవీల్‌ను రెండు చుట్లు తిప్పి మరోసారి కొలిచాను. బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరిగిపోవడం మామూలే కనుక ఆ రెండో కొలత మానకూడదు. కవర్ మూసి కీ తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది. కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ మోటారు ఖరీదు వృథాగా పోయింది, అసలు జబ్బుకు ఆ సంస్థకు అయిన ఖర్చు ఒక కవర్ గ్యాస్కెట్, నా కూలీ మాత్రమే.

టాపెట్ సరిగానే ఉండి, క్యామ్ కదలికను రాకర్‌కు చేర్చే పుష్ రాడ్‌లు వంగకుండా ఉండి, అయినా ఇంజన్ అక్కడే ఆగుతోందంటే క్యామ్ షాఫ్ట్ మీది ఆ ఏర్పాటే విరిగి ఉంటుంది. అప్పుడు ఇంజన్ అడుగు విప్పక తప్పదు, ఖర్చూ పెరుగుతుంది.

దీనర్థం బ్యాటరీని అసలు అనుమానించకూడదని కాదు, అనుమానాన్ని మీటరుతో తేల్చుకోవాలని. పూర్తిగా ఛార్జయి నిలకడగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 కంటే బాగా కిందికి పడిపోకూడదు. తీరంలో ఉన్న బండ్లకు ఉప్పుగాలి వల్ల ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు పట్టడం చాలా మామూలు. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ఇంజన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే, బ్యాటరీని కాదు, ఆ ఎర్త్ బోల్టును విప్పి గరుకు కాగితంతో రుద్దాలి.

ఇక పెట్రోలు సంగతి. ఇంజన్ బాగా తిరుగుతుంది గాని అందుకోదు, లేదా చోక్ వేస్తేనే నడిచి చోక్ తీయగానే ఆగిపోతుంది అంటే, జూన్ నెలలో నేను మొదట చూసేది కార్బురేటరే. ఎండల్లో నెలలు నిలిచిన బండిలో ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోయి అడుగున పసుపుపచ్చని జిగట మిగులుతుంది, ఆ జిగట పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలైన జెట్‌లలోకి చేరి గట్టిపడుతుంది. 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దేశమంతటా వచ్చిన ఈ20 పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది. ఇలాంటి చిన్న ఇంజన్లకు కంపెనీలు తమ మాన్యువల్స్‌లో అనుమతించేది సాధారణంగా పది శాతమే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది, మన తీరప్రాంతపు గాలిలో తేమకు కొదవ లేదు. తేమ ఒక మోతాదు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజన్‌కు వెళ్లే గొట్టం కూడా అడుగు నుంచే ఉంటుంది కాబట్టి మొదట అందేది ఆ నీరే. పాత పెట్రోలును గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే అడుగున వేరే పొర కంటికే కనిపిస్తుంది.

కార్బురేటర్ శుభ్రం చేసేటప్పుడు పంక్చర్ షాపు గాలి వాడడం మన దగ్గర అలవాటు. వాడవచ్చు గాని, గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు, నీడిల్ తీసివేయకుండా ఆ ఒత్తిడితో గాలి కొడితే అవి పాడవుతాయి. జెట్ రంధ్రాలను పిన్నీసుతో పొడవడం మాత్రం నేను ఎవరినీ చేయనివ్వను. ఉక్కు సూది ఇత్తడి రంధ్రాన్ని కొద్దిగా పెద్దది చేసినా ఆ జెట్ ఉన్నంత కాలం ఆ ఇంజన్ నల్లపొగ వదులుతూనే ఉంటుంది. కరెంటు తీగలోంచి తీసిన సన్నని రాగి పోగు చాలు. ఇంకొక విషయం, చాలా మోవర్లలో ఫ్లోట్ గిన్నె అడుగున బోల్టు ఉండవలసిన చోట తీగతో కూడిన సోలెనాయిడ్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే అది ‘టిక్’మని పెట్రోలుకు దారి ఇస్తుంది, కీ ఆపగానే మూసేస్తుంది. ఆ చప్పుడు వినిపించకపోతే జెట్ ఎంత శుభ్రంగా ఉన్నా ఇంజన్‌కు చుక్క అందదు. దానికి పన్నెండు వోల్టులు చేరుతున్నాయో లేదో చూడకుండా కార్బురేటర్ విప్పడం దండగ పని.

బండి పావుగంట బాగా నడిచి, నీరసించి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ నడిస్తే రెండు అనుమానాలు ఉండాలి. మొదటిది ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిపోవడం. ఆగిన వెంటనే మూత వదులు చేస్తే లోపలికి గాలి పీల్చిన చప్పుడు వినిపించి, బండి అందుకుంటే జబ్బు మూతదే. రెండోది ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కినప్పుడు చచ్చిపోవడం. దీన్ని చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. బండి ఆగిపోయిన ఆ నిమిషంలోనే ప్లగ్గులో స్పార్క్ ఉందో లేదో చూడగలిగితేనే దొంగ దొరుకుతాడు.

స్పార్క్ అసలే లేనప్పుడు కాయిల్ కొనేయడం మరో తొందరపాటు. కాయిల్‌కు వచ్చే సన్నని తీగ ఒకటి కీకి, భద్రతా స్విచ్‌లకు అనుసంధానమై ఉంటుంది. ఆ తీగ ఎక్కడైనా బాడీకి తగిలితే స్పార్క్ ఆగిపోతుంది, ఇంజన్‌ను ఆపే పద్ధతే అది. పరీక్ష కోసం ఆ తీగను కాయిల్ దగ్గర విడదీసి చూడండి. స్పార్క్ వచ్చిందంటే కాయిల్ భేషుగ్గా ఉంది, తప్పు సీటు స్విచ్‌దో, ఎలుకలు కొరికిన వైరింగ్‌దో. రేకుల షెడ్డుల్లో ఎలుకల వాటా చిన్నదేమీ కాదు. పరీక్ష అయ్యాక తీగను మళ్లీ కలపడం మరిచిపోతే కీ ఆపినా ఇంజన్ ఆగదు. సీటు స్విచ్ పాడైందని దాని రెండు తీగలూ మెలేసి పంపించే అలవాటు కొందరు మెకానిక్కులకు ఉంది. నడిపే మనిషి సీటు మీంచి జారిపడితే బ్లేడ్లను ఆపవలసిన స్విచ్ అది. దాన్ని కాదని బండి నడిపించడం నా షాపులో జరగదు, ఆ స్విచ్ తెప్పించే దాకా బండి అక్కడే ఉంటుంది.

కాయిల్ నిజంగానే మార్చవలసి వస్తే, దానికీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సుమారు 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్ల సందు ఉంచాలి. విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి బిగించి, కార్డు లాగేస్తే సరిపోతుంది. ప్లగ్గు గ్యాప్ చాలా మోడళ్లకు 0.76 మిల్లీమీటర్లు.

తుపాను తర్వాత వచ్చే బండ్ల తీరు వేరు. 2014లో హుద్‌హుద్ వచ్చినా, 2018లో పలాస వైపు తిత్లీ తాకినా, గాలి తగ్గాక గడ్డిలో విరిగిన కొమ్మలు, రేకు ముక్కలు, కొబ్బరి మట్టల మొదళ్లు దాగి ఉంటాయి. వాటి మీదికి బండి ఎక్కిస్తే బ్లేడు, దాన్ని తిప్పే ఇరుసు అయిన స్పిండిల్ వంగి, ఆ కుదుపు చూసి ఇంజన్ పాడైందనుకుంటారు. బ్లేడ్ల మీట విడిచిపెట్టి నడిపితే కుదుపు పోయిందా, జబ్బు ఇంజన్‌ది కాదు. బండి కింద చేయి పెట్టే ముందు కీ తీసి, ప్లగ్గు తీగ విడదీసి, జాకీ ఒక్కదాన్ని నమ్ముకోకుండా గట్టి దిమ్మలు పెట్టాలి. షెడ్డులోకి నీళ్లు వచ్చిన బండి అయితే డిప్ స్టిక్ చూడకుండా కీ ముట్టుకోకూడదు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ముందు అదంతా దించేయాలి.

ఇంజన్ వేడెక్కే జబ్బుకు మూలం చాలాసార్లు ఒక్కటే. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య గడ్డి పొట్టు పేరుకుపోవడం. పైన ఉన్న బ్లోయర్ కవర్ తీయకుండా అది కనిపించదు. కవర్ తీసి, పొట్టు దులిపి, ఎలుక గూడు ఉంటే తీసేసి మూయడం ఏడాదికి ఒకసారైనా జరగాలి.

నీలిపొగ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సిలిండర్ బోరు చేయించమని, అంటే లోపల కోయించి పెద్దది చేయించమని చెప్పడానికి మన వాళ్లకు అది చాలు. మొదట ఆయిల్ మట్టం చూడండి. గుర్తుకు పైన ఉండి, పెట్రోలు వాసన వేస్తుంటే, కార్బురేటర్ నీడిల్ కారి పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. ఆ స్థితిలో ఇంజన్ నడిపితే బేరింగులు పోతాయి. నీడిల్ మార్చి, ఆయిల్ మార్చాలి. మట్టం సరిగానే ఉండి, ఎయిర్ ఫిల్టర్ మాత్రం ఆయిల్‌తో తడిసి ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించండి. సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లలో సిలిండర్‌కూ పుష్ రాడ్‌లు వెళ్లే గదికీ మధ్య గ్యాస్కెట్ చాలా సన్నగా ఉంటుంది. అక్కడ తెగితే మండిన గాలి క్రాంక్ కేసులోకి దూరి, లోపలి ఆయిల్‌ను బ్రీదర్ గుండా, అంటే లోపలి ఆవిరి బయటికి పోయే దారి గుండా, ఫిల్టర్‌లోకి తోస్తుంది. పొగ అచ్చం పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్‌లాగే వస్తుంది. పిస్టన్‌ను పైకొస దగ్గర ఉంచి, క్రాంక్ తిరగకుండా పట్టి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి చెవి పెట్టి వినడం నేను చేసే పరీక్ష. కార్బురేటర్‌లోంచి గాలి చప్పుడు వస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు గాని గ్యాస్కెట్ గాని. ఆఖరిది వచ్చినప్పుడు ముందు హెడ్ విప్పండి, గ్యాస్కెట్ మీద నల్లగా కాలిన చార కనిపిస్తే బోరు జోలికి వెళ్లనక్కర్లేదు. కొత్త గ్యాస్కెట్ వేసి, హెడ్ బోల్టులను ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే అదే చోట మళ్లీ తెగుతుంది.

ఈ సామాన్లేవీ మన ఊరి దుకాణాల్లో దొరకవు, బయటి నుంచి తెప్పించుకోవలసిందే. హార్స్‌పవర్ చెప్పి, బండి రంగు చెప్పి ఆర్డరు ఇస్తే వచ్చేది వేరే గ్యాస్కెట్. ఇంజన్ కవర్ మీద గాని, ప్లగ్గు దగ్గరి రేకు మీద గాని మోడల్, టైపు, కోడ్ అంకెలు ముద్రించి ఉంటాయి. బండి కొత్తగా ఉండి అవి చెరిగిపోక ముందే ఫొటో తీసి పెట్టుకుని, ఏ భాగానికైనా ఆ మూడు అంకెలు పంపి తెప్పించుకోండి.